పచ్చికబీళ్లలో పక్షుల ఛాయాచిత్రణము

మన మాధవరపు వీధులలో తెలుగువారును తమిళులును ఒకే అర్థముతో వాడు తిట్టు ఒకటి కలదు. అది 'పోరంబోకు'. పనిపాటలు లేక తిరుగువానిని రెండు భాషలవారును ఆ మాటతోనే మందలింతురు. కాని ఆ మాట మొదట మనిషికై పుట్టినది కాదు, నేలకై పుట్టినది. తమిళమున 'పుఱము' అనగా వెలుపల. పన్ను కట్టు పట్టాభూముల లెక్కకు వెలుపల నుండు నేలను రెవెన్యూవారు పోరంబోకు అనిరి. చెరువుగట్లు, దారులు, వాగులు, పశువులు మేయు బయళ్లు అన్నియు అందు చేరినవే. పన్ను రాని నేల పనికిరాని నేల యని జనులు తలచిరి. పిమ్మట పనికిరాని మనిషికి ఆ పేరే తగిలించిరి.

ఈ పాఠము అట్టి నేలలలో ఒకదానిని గూర్చినది. అది పచ్చికబీడు. అచట బ్రతుకు పక్షులను కెమెరాతో పట్టుట ఎట్లో, ఎప్పుడు పట్టరాదో తెలిసికొందము. తెలిసికొన్న పిమ్మట ఆ నేల నిజముగా పనికిరానిదేనా యని మీరే నిర్ణయింపవచ్చును.

గడ్డియును దాని కొలువును

వాన మిక్కుటముగా కురియుచోట అడవి పెరుగును. వాన తీరా లేనిచోట ఎడారి యగును. ఈ రెంటికి నడుమ, కొన్ని నెలలు తడిసి తక్కిన నెలలు ఎండు నేలలో గడ్డి రాజ్యము చేయును. చెట్టునకు చిగురు కొమ్మ చివర పుట్టును, గడ్డికి పెరుగుదల నేలను అంటియున్న మొదటిలో నుండును. అందుచేత పశువు పైభాగమును కొరికినను, నిప్పు కాల్చినను, ఒక వాన పడినంతనే గడ్డి మరల లేచును. వేసవిలో చూచినవారికి అది చచ్చిన నేలవలె కనబడును. ఆషాఢము వచ్చిన పిదప చూచినవారికి అదే నేల పచ్చని పరుపు.

అమెరికా ఖండపు నడుమ 'ప్రెయిరీ' అను గొప్ప గడ్డిమైదానములు ఉండెడివి. వానిలో ఎత్తైన గడ్డి పెరిగెడి భాగము నూటికి నాలుగుపాళ్లయినను నేడు మిగులలేదు. తక్కినదంతయు నాగలిక్రిందికి పోయినది. ఆ మైదానములలో 'గ్రౌస్' అను పక్షులు కలవు. చూచుటకు మన కౌజుపిట్టకు పెద్దన్నవలె నుండును. వసంతకాలపు వేకువను మగపక్షులన్నియు ఏటేట ఒకే బయలునకు చేరి, మెడసంచులు ఉబ్బించి, తోక విప్పి, కాళ్లు టపటప కొట్టుచు ఆడును. ఆడుపక్షులు వచ్చి చూచి తమకు నచ్చినవానిని ఎన్నుకొనును. ఛాయాగ్రాహకులు తెల్లవారకముందే ఆ బయలు ప్రక్కన చిన్న గుడారములలో దాగి, పక్షులు ఆట ముగించి వెడలిపోవువరకు కదలక కూర్చుందురు.

ఆ జాతులలో ఒకటి 'హీత్ హెన్'. అమెరికా తూర్పుతీరమున ఒకప్పుడు విస్తారముగా నుండెడి ఈ పక్షి, తుదకు మార్తాస్ వైన్‌యార్డ్ అను ఒక్క ద్వీపముననే మిగిలెను. అచట గూడ తరిగి తరిగి ఒకే యొక మగపక్షి శేషించెను. తన జాతిలో ఆడుపక్షి లేకున్నను అది వసంతమున తన ఆటబయలునకు ఒంటరిగా వచ్చెడిది. 1932వ సంవత్సరము మార్చి నెల తరువాత దానిని ఎవరును చూడలేదు. ఆ జాతి బ్రతికియున్న దినములలో తీసిన చలనచిత్రము మాత్రము నేటికిని నిలిచియున్నది. చిత్రము నిలిచినది, పక్షి నిలువలేదు. ఈ సంగతిని మనసున ఉంచుకొని మన దేశమునకు రండు.

మన గడ్డినేలల పెద్దపక్షి

దక్కను మైదానములలో గ్రౌస్ పక్షి లేదు. కాని దానివలెనే బయటి నేలలో ఆడి, పాడి, నేలమీదనే గ్రుడ్డు పెట్టు పక్షులు కలవు. వానిలో పెద్దది బట్టమేక. ఇది నిలుచున్నప్పుడు సుమారు 1 మీటరు ఎత్తుండును. మగపక్షి 15 కిలోలవరకు తూగును. ఆడుపక్షి అందులో సగమునకు మించదు. వీపు ఎండుగడ్డి రంగు, మెడ తెలుపు, నెత్తిన నల్లని కుచ్చు. ఇంత బరువుతో ఎగురగల పక్షులు లోకమున బహుకొద్ది.

వానకాలమున మగపక్షి మెడక్రింది సంచిని గాలితో నింపి నేలను తాకునంతగా వ్రేలాడదీసి, తోకను వీపుమీదికి ఎత్తి, గంభీరముగా హుంకరించును. ఆ నాదము అరకిలోమీటరు దూరమునకు వినబడును. ఆడుపక్షి గూడు కట్టదు. నేలమీద సాధారణముగ ఒకే యొక గ్రుడ్డు పెట్టి, సుమారు 27 దినములు తానొక్కతెయే పొదుగును. మగపక్షి ఆ వైపునకు రాదు.

ఈ పక్షికి ఎన్ని పేర్లున్నవో చూడుడు. తెలుగున బట్టమేక, తమిళమున కానమయిల్, మరాఠీలో మాళఢోక్, రాజస్థానమున గోడావణ్. నల్లరేగడి నేలలోని కన్నడిగులు ఎరెభూత, అనగా రేగడినేల భూతము, అందురు. ఏ పల్లెవాడు ఏ భాషలో పేరు పెట్టినను, ఆ పక్షి ఆతని పొలములో తిరిగినది గనుకనే పేరు పెట్టగలిగెను. మన తమిళ స్నేహితులను కానమయిల్ అను మాట నడుగుడు, వారు మిమ్ము బట్టమేక అను మాట నడుగుదురు. రెండు భాషల పిల్లలును ఒకే పక్షిని గూర్చి మాటలాడుకొనవచ్చును.

బట్టమేకకు తమ్ముని వంటిది నేలనెమలి. కోడిపెట్టంత పక్షి. వానకాలమున మగదాని ఒడలు నల్లబడి, తలవెనుక సన్నని ఈకలు దారములవలె వెలువడును. ఎత్తైన గడ్డిలో తాను ఆడుపక్షికి కనబడదు గనుక, అది నిట్టనిలువుగా నేలనుండి ఎగిరి గడ్డిపైన ఒక్క క్షణము మెరసి మరల మునుగును. ఇట్లు ఒక్కొక్క దినమున వందలమారులు ఎగురును.

ఈ పక్షులకై తెలుగుదేశమున ప్రసిద్ధికెక్కిన చోటు రోళ్లపాడు. ఇది నందికొట్కూరు సమీపమున నున్నది. పూర్వము కర్నూలు జిల్లాలో నుండెను, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. 1980వ దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారైన అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఇచట బట్టమేక బ్రతుకును ఏండ్లతరబడి పరిశీలించిరి. 1988లో 614 హెక్టార్ల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. అరణ్యము అను మాట విని చెట్లను ఊహింపవలదు. అచట నున్నది గడ్డి. ఆ గడ్డిలో కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు కలవు. చలికాలమున మధ్యాసియానుండి వచ్చు డేగజాతి పక్షులు సాయంకాలమున గుంపులుగా గడ్డిలో దిగి రాత్రి గడపును.

కెమెరాలోని లెక్క

ఇపుడు ఛాయాచిత్రణమునకు వత్తము. బయటి నేలలో పక్షిని చిత్రించుట యేల కష్టమో ఒక చిన్న లెక్క తెలుపును. వస్తువు దూరముగ నున్నపుడు కెమెరాలో పడు ప్రతిబింబపు ఎత్తు ఇట్లు కనుగొనవచ్చును: వస్తువు ఎత్తును కటకపు నాభ్యంతరముతో గుణించి దూరముతో భాగింపవలెను.

బట్టమేక ఎత్తు 1 మీటరు, దూరము 100 మీటర్లు అనుకొనుడు. సాధారణ కటకపు నాభ్యంతరము 50 మిల్లీమీటర్లు. అపుడు ప్రతిబింబము అర మిల్లీమీటరు మాత్రమే, ఆవగింజకంటె చిన్నది. నాభ్యంతరము 500 మిల్లీమీటర్లు గల దూరదృశ్య కటకమును అమర్చినను 5 మిల్లీమీటర్లే వచ్చును. చిత్రపు చట్రము ఎత్తు 24 మిల్లీమీటర్లు. అందులో సగము పక్షితో నింపవలెనన్న ఆ పెద్ద కటకముతో గూడ సుమారు 42 మీటర్ల దూరమునకు చేరవలెను. కాని నడచివచ్చు మనిషిని బట్టమేక బహుదూరమునుండియే కనిపెట్టి తొలగిపోవును. చెట్టు లేదు, పొద లేదు, మనిషికి చాటు లేదు. ఇదియే చిక్కు.

రెండవ లెక్క నేలనెమలిది. అది పైకి లేచునపుడు సెకనుకు 5 మీటర్ల వేగమున్నదనుకొందము. కెమెరా తలుపు సెకనులో నూరవవంతు కాలము తెరచియుండినచో ఆలోపల పక్షి 5 సెంటీమీటర్లు కదలును. 500 మిల్లీమీటర్ల కటకముతో 50 మీటర్ల దూరమునుండి చూచిన ప్రతిబింబము వస్తువులో నూరవవంతు గనుక, చిత్రమున అర మిల్లీమీటరు అలుకుడు ఏర్పడును. ఈకలు ఈకలుగా కనబడవు. సెకనులో వెయ్యవవంతు తెరచినచో ఆ అలుకుడు పదవవంతునకు తగ్గును. కాని తలుపు తెరచియుండు కాలము తగ్గినకొలది లోనికి వచ్చు వెలుగును తగ్గును. మబ్బుపట్టిన శ్రావణమున వెలుగే తక్కువ. ఒకటి కావలెనన్న ఒకటి విడువవలెను. గణితము చదివిన విద్యార్థికి ఛాయాచిత్రణము సులభముగ పట్టుబడుట ఇందుచేతనే.

మాటు వేయుట

చాటు లేనిచోట చాటును మనమే కల్పించుకొనవలెను. వేటగాండ్రు దానిని మాటు అనిరి. ఆ మాటే మనకును చాలును. ఇంగ్లండున రిచర్డ్, చెర్రీ కియర్టన్ అను సోదరులు సుమారు 120 ఏండ్లక్రిందట ఎద్దుచర్మముతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో కూర్చుండి పక్షులను చిత్రించిరి. పశువులకు పక్షి బెదరదు, మనిషికే బెదరును. మన దక్కనులోను ఇది ఎరిగినదే. కాలినడక మనిషిని చూచి పారిపోవు బట్టమేక, ఎడ్లబండిని అంతగా అనుమానింపదు. పూర్వము వేటగాండ్రు ఈ కిటుకునే వాడిరి. కావున ఛాయాగ్రాహకుడు వేటగాని విద్యనే నేర్చినవాడు. ఆతనికిని ఈతనికిని గల భేదము చివరి క్షణమున మాత్రమే తెలియును.

మాటు వేయువారు పాటింపవలసిన విధులు ఇవి.

మొదట, పక్షి దినచర్యను దూరమునుండి దుర్బిణితో అనేకదినములు చూడవలెను. అది ఏ వేళ ఏ దిక్కునుండి వచ్చునో తెలియక మాటు వేయుట వ్యర్థము. రెండవది, మాటును ఒక్కదినమున నిలుపరాదు. మట్టిరంగు గుడ్డతో చేసిన చిన్న గుడారమును తొలుత దూరమున నిలిపి, పక్షి దానికి అలవాటుపడిన కొలది దినమునకు కొంత చొప్పున దగ్గరకు జరుపవలెను. మూడవది, చీకటితోనే లోన ప్రవేశించి, పక్షి తనంతట తాను వెడలిన పిదపనే వెలుపలికి రావలెను. నడుమ ఎంత ఉక్క పోసినను, ఎంత దాహమైనను లేచి రారాదు. నాలుగవది, గడ్డిని కోయరాదు, ముండ్లను తొలగింపరాదు. చిత్రమున ఒక గడ్డిపోచ అడ్డము వచ్చిన రానిండు. ఆ పోచ ఆ పక్షి ఇంటిది.

వెలుగును గూర్చి గూడ ఒక మాట. సూర్యుడు ఉదయించిన మొదటి గంట మంచివేళ. అప్పటి ఏటవాలు వెలుగు ఈకల మడతలను చూపును. ప్రొద్దెక్కిన కొలది నేల కాగి, దానినంటిన గాలి పొరలు పొరలుగా వేడెక్కును. వేడిగాలి, చల్లగాలి వెలుగును వేరువేరుగా వంచును. ఎండమావులు పుట్టుట ఈ కారణముచేతనే. కంటికి స్వల్పముగా కనబడు ఆ అల్లలాట, దూరదృశ్య కటకములో పెద్దదై పక్షిని నీటిలోని నీడవలె వణికించును. కటకము ఎంత విలువైనదైనను దీనికి మందు లేదు. తెల్లని మెడను గూర్చియు జాగ్రత్త పడవలెను. చుట్టునున్న మట్టిరంగునకు సరిపడునంత వెలుగును లోనికి విడిచినచో మెడ వెలవెలబోయి ఈకల గీతలు మాయమగును. వెలుగును కొంచెము తగ్గించి తీయుట మేలు.

మన మదరాసు నగరమున చిరకాలము నివసించిన మా. కృష్ణన్ గారు (1912–1996) ఈ విద్యలో పేరెన్నికగన్నవారు. వారి అడవి జంతువుల చిత్రములు నలుపుతెలుపులలోనివి. 1950 నుండి 1996లో కన్నుమూయువరకు ఆంగ్ల దినపత్రికయైన స్టేట్స్‌మన్‌లో ప్రకృతిని గూర్చి వ్రాసిరి. 1960లో పద్మశ్రీ పురస్కారము నందిరి. మదరాసులో నుండియు అడవిని ఎరుగవచ్చునని వారి జీవితము చూపును.

తీయరాని చిత్రము

ఇంతవరకు తీయుట ఎట్లో చెప్పితిని. ఈ పాఠమునకు ప్రాణమైన సంగతి ఇపుడు చెప్పెదను. గ్రుడ్డుమీద నున్న పక్షిని చిత్రించుట మిక్కిలి సులభము. అది ఎటును పోదు, వచ్చినచోటికే వచ్చును. పూర్వపు ఛాయాగ్రాహకులలో పలువురు గూళ్లయొద్దనే మాటు వేసిరి. కాని ఆలోచింపుడు. తల్లి బెదరి లేచినచో ఎండకు గ్రుడ్డు మాడును. కాకి ఆ లేచిన తావును గురుతుపట్టును. మనిషి నడచిన త్రోవ వాసనను నక్కయు కుక్కయు పట్టుకొని వచ్చును. పలు గ్రుడ్లు పెట్టు పిట్టకు ఒకటి పోయిన తక్కినవి ఉండును. బట్టమేకకు ఉన్నది ఒకటే. ఒక మంచి చిత్రమునకై ఒక ఏటి సంతానము పోవచ్చును.

1969లో మన దేశమున ఈ పక్షులు సుమారు 1,260 ఉండునని అంచనా. 2018 నాటి అంచనా సుమారు 150. ఇట్టి జాతిలో ఒక్క గ్రుడ్డు ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము బట్టమేకకు మొదటి షెడ్యూలులో చోటిచ్చినది. అభయారణ్యములలో ప్రవేశించి చిత్రములు తీయుటకు అనుమతి పొందవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. అయినను చట్టము ప్రతి గడ్డిదుబ్బు వెనుక కాపలా కూర్చుండజాలదు. మాటులో నున్నవాని మనస్సే అచట కాపలా. గ్రుడ్డు కనబడినదా, కెమెరా దించి, వచ్చిన దారినే వెనుకకు పోవలెను. తన చేతికి అందిన చిత్రమును విడిచినవాడే నిజమైన ఛాయాగ్రాహకుడు.

మనిషి లేకయే చిత్రము తీయు ఉపాయము గూడ ఒకటి కలదు. దానిని కలివికోడి కథ తెలుపును. కడప సీమ చిట్టడవులలో రాత్రివేళ తిరుగు ఈ చిన్నపక్షిని 1848 ప్రాంతమున మదరాసు సైన్యపు వైద్యుడైన జెర్డన్ శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. అంతరించినదనిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషించుచుండగా, ఐతన్న అను స్థానికుడు రాత్రి దానిని ప్రాణముతో పట్టి తెచ్చెను. 86 ఏండ్ల పిదప దొరికిన ఆ పక్షి ఎక్కువకాలము బ్రతుకలేదు. పిమ్మట వచ్చిన పరిశోధకులు వేరు దారి పట్టిరి. పొదల నడుమ మెత్తని మట్టిపట్టీలు పరచి దాని అడుగుజాడలను చదివిరి. ప్రాణి ఎదుటికి వచ్చినపుడు తమంతట తామే చిత్రము తీయు కెమెరాలను నిలిపిరి. చేతితో పట్టినది చనిపోయినది. చేయి తగులక పట్టినది చిత్రమై నిలిచి, పక్షియు తన దారిన తాను పోయినది.

రోళ్లపాడులో జరిగినదేమి?

వేటను మాన్పితిమి, మాటును నేర్చితిమి, అభయారణ్యమును ప్రకటించితిమి. అయినను రోళ్లపాడున బట్టమేక నేడు కంటబడుట మిక్కిలి అరుదు. కారణము తుపాకి కాదు, కెమెరాయు కాదు. పక్షి 614 హెక్టార్ల కంచెలోనే బ్రతుకునది కాదు. చుట్టునున్న జొన్న, కొర్ర చేలును, బీళ్లును దాని తిరుగుడు నేలలే. కాలువనీరు వచ్చి పంటల తీరు మారెను. బీళ్లు దుక్కిక్రిందికి వచ్చెను. రైతును తప్పుపట్టరాదు. కరవుసీమలో నీరు వచ్చినపుడు మూడు పూటల అన్నము తలచుకొనుట దోషము కాదు. అభయారణ్యమున పెరిగిన జింకలు చేలలో పడి మేయగా నష్టపోయినవాడును ఆతడే. దోషమేమనగా, ఆ బీడునకు ఒక విలువ కలదని ఎవరును ముందుగా లెక్కవేయకపోవుట. లెక్కలలో అది పోరంబోకు, బంజరు. బంజరును మార్చినపుడు ఏదియో పోయినదని ఎవరికి తోచును?

రాజస్థాన, గుజరాతులలో మిగిలిన పక్షులకు వేరొక ఆపద. బట్టమేక కన్నులు ప్రక్కలకు ఉండుటచే ఎదుటి తీగను కాననేరదు. బరువుచే చటుక్కున తప్పుకొననేరదు. విద్యుత్తీగలకు తగిలి చచ్చుచున్నవి. 2021 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము ఆ సీమలలో తీగలను భూమిక్రింద వేయవలెనని ఆజ్ఞాపించెను. అంతటను అది సాధ్యము కాదని విన్నవింపగా 2024 మార్చిలో ఆ ఆజ్ఞను సవరించి, పరిశీలనకు నిపుణుల సంఘమును నియమించెను. సూర్యరశ్మినుండి విద్యుత్తు కావలెను, పక్షియు కావలెను. రెంటిని కలుపు దారి వెదకుట మీ తరమువారి పని. జైసల్మేరు ప్రాంతమున 2019 నుండి అడవిలోని గ్రుడ్లను తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణముచే ఒక పిల్ల పుట్టినది. ఆ పిల్లలు ఒకనాడు ఎగిరిపోయి దిగుటకు గడ్డినేల ఉండవలెను గదా!

ఇచటనే ఛాయాచిత్రపు ప్రయోజనము తెలియును. ఒక నేలలో 1985లో తీసిన చిత్రమును, అదే చోటున నేడు తీసిన చిత్రమును ప్రక్కప్రక్కన ఉంచినచో వేయి మాటలక్కరలేదు. తేదీయు, స్థలమును వ్రాసియుంచిన చిత్రము సాక్ష్యము. అవి లేని చిత్రము గోడమీది అలంకారము.

మన మాధవరమున ఏమి చేయవచ్చును?

రోళ్లపాడు మనకు దూరము. కాని మాధవరము గూడ మేతబయళ్లు ఎరిగిన ఊరే. పాలకాలనీ అను పేరే దానికి గురుతు. 2011లో నగరపాలకసంస్థలో చేరిన పిమ్మట ఇండ్లు పెరిగినను, అచటచట గడ్డితావులు మిగిలియున్నవి. అట్టి తావుననే తీతువు బ్రతుకును. బట్టమేకవలెనే అదియు గూడు కట్టదు, గులకరాళ్ల నడుమ రాళ్లవంటి గ్రుడ్లు పెట్టును. మనిషి దగ్గరకు వచ్చిన అరచి గోలచేసి దారి మళ్లించును. అది అరచుచున్నదనగా, 'మీరు చాల దగ్గరకు వచ్చితిరి, వెనుకకు పొండు' అని అర్థము. ఆ అరపు ఆగువరకు వెనుకకు నడుచుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

పెద్ద కెమెరా లేదని చింతింపవలదు. ఇంటిలోని సెల్‌ఫోను చాలును. దానితో పక్షిని గాక నేలను చిత్రింపుడు. ఒకే గడ్డితావును ఒకే చోట నిలిచి, నెలకొకమారు, ఏడాదిపాటు తీయుడు. ప్రతి చిత్రము క్రింద తేదీని, ఆనాడు కనబడిన పిట్టల పేర్లను తెలుగులో వ్రాయుడు. పేరు తెలియనిచో మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడుగుడు. తల్లిదండ్రులకును మా మనవి ఇదియే. బిడ్డ వచ్చి 'ఈ పిట్ట పేరేమి?' యని అడిగినపుడు 'ఏదియో పిట్ట' యని పంపివేయవలదు. మీ ఊరి పొలమున మీరు విన్న పేరు మీయొద్దనే ఆగినచో, బిడ్డకు అది ఏ పుస్తకమునను దొరకకపోవచ్చును. పేరు ఎరుగని పక్షి పోయినను పోయినట్లే తెలియదు.

పోరంబోకు అను మాటతో మొదలిడితిమి. లెక్కకు వెలియైనది విలువకు వెలియైనది కాదు. మాటులో కూర్చుండి ఒక్క ఉదయము గడ్డిని చూచినవానికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు.

అభ్యాసము

1. పశువులు మేసినను, నిప్పు కాల్చినను గడ్డి మరల పెరుగుటకు కారణమేమి?

2. నాభ్యంతరము 300 మిల్లీమీటర్లు గల కటకముతో 60 మీటర్ల దూరమున నున్న 1 మీటరు ఎత్తు పక్షిని చిత్రించినచో ప్రతిబింబపు ఎత్తు ఎంత?

3. ప్రొద్దెక్కిన పిదప దూరదృశ్య కటకముతో తీసిన చిత్రము స్పష్టముగ నుండదు. ఏల?

4. కలివికోడి విషయమున పరిశోధకులు 1986 పిమ్మట తమ పద్ధతిని ఎట్లు మార్చుకొనిరి?

5. మీకు తెలిసిన ఐదు పిట్టల పేర్లను తెలుగునను తమిళమునను వ్రాయుడు. ఇంటిలోని పెద్దలు చెప్పిన పేరైనచో వారు ఏ ఊరివారో గూడ వ్రాయుడు.